నాగమణమ్మ చెవి

కిషన్‌బాగ్‌లో ఆ ఇత్తడి, రాగి సామాన్ల దుకాణం విశ్వేశ్వర్‌ది. బోర్డు మీద పేరు ఆయనది, గల్లాపెట్టె దగ్గర కూర్చునేదీ ఆయనే. చెవి మాత్రం ఆయన భార్య నాగమణమ్మది. బిందె మీద గోటితో ఒక్క దెబ్బ వేసిందంటే చాలు, కంటికి కనబడని పగులైనా, లోపలి అతుకైనా పట్టేస్తుంది. నలభై ఏళ్లుగా ఆమెకు ఇదే పని. "నేను చూసిచ్చిన, ఫికర్ చేయకు" అని గిరాకీకి చెప్పేది మాత్రం విశ్వేశ్వర్. చెప్పుకోనీ, నాదేం పోయింది అనేది నాగమణమ్మ. ఉత్తమాట. లోపల మండిపోయేది.

రెండేళ్ల కిందట కోడలు ఇంద్రజ వంటింట్లో ఫోన్‌లో ఒక పాట పెట్టింది. అమెరికాలో నల్లజాతి గాయకులు చర్చి పాటల్లోంచి తెచ్చుకున్న సోల్ సంగీతం అది. ఒక్క మాటా అర్థం కాలేదు గానీ, నాగమణమ్మ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

"ఎవరు చచ్చిపోయిండ్రు?" అని అడిగింది.

"ఎవ్వరు చావలే అత్తమ్మా. పిల్ల వదిలేసి పోయింది, గంతే."

"గంతేనా? మళ్ల పెట్టు."

అలా పట్టుకుంది పిచ్చి. ఆ సంగీతంలోనూ ఊరికో బాణీ ఉంటుందని, డెట్రాయిట్‌ది ముస్తాబై నున్నగా వస్తుందని, మెంఫిస్‌ది మోటుగా గుండెలోంచి వస్తుందని కోడలు చెప్పింది. ఆ మోటుదే నాగమణమ్మకు ప్రాణమైంది.

సంతోష్‌నగర్‌లో నందకిశోర్ అని రిటైరైన బ్యాంకు ఆఫీసరు ఉన్నాడు. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన ఇంట్లో పదిమంది కూర్చుని ఇలాంటి రికార్డులే వింటారు. అట్ట చూపించకుండా పాట పెట్టి, ఏ ఊరి బాణీయో చెప్పమంటాడాయన. ఇంద్రజ అత్తను వెంటబెట్టుకుని వెళ్లింది. మొదటి రోజే నాగమణమ్మ అందరికంటే ముందు, గట్టిగా, మెంఫిస్ అనేసింది. తీరా చూస్తే డెట్రాయిట్. అందరూ నవ్వారు. ఇంటికొచ్చి చెబితే విశ్వేశ్వర్ ఇంకో నాలుగు మాటలు ఎక్కువే అన్నాడు.

"ఇంగ్లీషు ముక్క రాదు, నీకేం సమజైతదే? పరువు తీసినవ్."

ఊరుకునే మనిషా ఆమె? తప్పెక్కడ జరిగిందో తవ్వి తీసింది. దుకాణంలో ఎంతసేపు మోగితే అంత మంచి బిందె. పాటనూ అట్లాగే తూచింది, రికార్డులో మోత బాగుందని తనకు నచ్చిన మెంఫిసే అనుకుని మోసపోయింది. ఇక మోత సంగతి వదిలేసి, పాట పెట్టుకుని, డ్రమ్ము దెబ్బకు సరిగ్గా రాగిచెంబు మీద గోరు వేయడం మొదలుపెట్టింది. డెట్రాయిట్ పాటల్లో గోరూ, దెబ్బా కలిసి పడేవి. మెంఫిస్ పాటల్లో ఎన్నిసార్లు వేసినా గోరే ముందు పడేది. వాయించేవాడు వెంట్రుకవాసి ఆగి కొడుతున్నాడు! దొరికినవ్ బిడ్డా అనుకుంది. మూడు నెలలు, రోజూ దుకాణం తెరవక ముందు, అదే సాధన.

ఆ తర్వాత ఒక ఆదివారం మళ్లీ వెళ్లింది. ఈసారి విశ్వేశ్వర్ కూడా వచ్చాడు, నవ్వులపాలైతే లేపి తీసుకుపోదామని. నందకిశోర్ పెట్టిన పాట నిండా వయొలిన్లే. అందరూ డెట్రాయిట్ అన్నారు, ఇంద్రజతో సహా. నాగమణమ్మ సంచిలోంచి చెంబు తీసి, నాలుగు దెబ్బలు వేసి, మెంఫిస్ అంది.

"ఇన్ని వయొలిన్లున్నయి గదమ్మా, మళ్లొకపారి ఆలోచించుండ్రి," అన్నాడు నందకిశోర్.

"వయొలిన్లు ఎవరైనా తెచ్చిపెట్టుకుంటరు సార్. డ్రమ్ము ఆగి పడ్తది. మెంఫిసే."

ఆయన అట్ట తిప్పి చూపించాడు. మెంఫిసే. ఈసారి ఎవరూ నవ్వలేదు, చెంబు ఒకసారి ఇస్తారా అని అడిగారు. అది చేతులు మారి విశ్వేశ్వర్ దాకా వచ్చింది. మళ్లీ పెట్టిన ఆ పాటకు ఆయనా గోరు వేసి చూశాడు. డ్రమ్ము కంటే గోరే ముందు పడింది.

మర్నాడు సైదాబాద్ నుంచి బాలకిషన్ అనే గిరాకీ వచ్చి ఒక బిందె ఎంచుకున్నాడు. ఇది మీరే చూసిపెట్టిందేనా సేఠ్ అని అలవాటుగా అడిగాడు. విశ్వేశ్వర్ కాసేపు గల్లాపెట్టె వైపు చూసి, బిందెను భార్య ముందుకు జరిపాడు.

"నేను కాదు భాయ్. నలభై ఏండ్ల సంది చూసేది మా ఇంటామెనే. ఆ చెవి ఆమెది."

నాగమణమ్మకు కళ్లు చెమర్చాయి. అయినా తొందరపడలేదు. గోరు వేసి, మోత పూర్తిగా ఆగేదాకా విన్నది.

"మంచిగుంది, తీస్కపో," అంది, పక్క దుకాణం దాకా వినబడేట్టు.