లెక్కకు రాని చెయ్యి

నా చిన్నప్పుడు మా ఊళ్లో బడి కమిటీని చేతులెత్తించి ఎన్నుకునేవారు. ఊరంతటికీ ముస్లిం ఇల్లు ఒక్కటే, దర్జీ తాతది. తమ ఇంటి మాట చెప్పడానికి ఒకడుండాలి కదా అని ఆయన ఏటా నిలబడేవాడు, ఏటా ఓడిపోయేవాడు. ఆ ఏడు ఆయన పేరు పిలవగానే మా తాత ఒక్కడే చెయ్యెత్తాడు. జనం ఇకిలించారు. అయినా మా తాత పక్కనున్న నా చెయ్యి కూడా పట్టుకుని పైకెత్తాడు.

"పోరని చెయ్యి లెక్కకు రాదు," అన్నాడు చేతులు లెక్కబెడుతున్న పట్వారీ.

"రాకుంటె రాకపాయె. గా దర్జీ కండ్లవడ్తది గద," అన్నాడు తాత.

దర్జీ తాత ఓడిపోయాడు. వెళ్తూ వెళ్తూ మా దగ్గర ఆగి, ఇంకా పైనే ఉన్న నా చేతిని తనే మెల్లగా దించాడు. నాకు మాత్రం అందరూ నవ్వారని ఒకటే సిగ్గు.

ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డాను. బహ్రెయిన్‌లో, తుబ్లీలోని కూలీల క్యాంపులో ఉంటాను. నా పక్క మంచం బంగ్లాదేశ్ హిందువుది. అన్నా అన్న అర్థంలో దాదా అంటాను. వాళ్ల దేశంలో హిందువులు, క్రైస్తవులు, బౌద్ధులు కలిసి చిన్న పార్టీ పెట్టుకున్నారు. మతం జోలికి పోము, మమ్మల్నీ మనుషుల్లో లెక్కెయ్యండి అన్నదొక్కటే వాళ్ల కోరిక. ఎన్నికల సంఘం గుర్తింపు రావాలంటే గడువులోగా చాలినంతమంది సభ్యుల పేర్లు కావాలట. దాదా ప్రాణమంతా దానిమీదే.

మొన్న శుక్రవారం మెస్సులో కాగితం పట్టుకుని నిలబడ్డాడు. పేరిచ్చేవాళ్లు చెయ్యెత్తండని తన దేశంవాళ్లను బతిమాలాడు. ఒక్కరూ పళ్లెంలోంచి తలెత్తలేదు. తన మతంవాళ్లే ముందు చూపు తిప్పుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. పేరు బయటపడితే ఊళ్లో పెళ్లాంపిల్లల గతేమిటని భయం. ఇక్కడ వీసా ఇచ్చిన కఫీల్‌కు తెలిస్తే ఉద్యోగం ఖలాస్.

ఎప్పుడు లేచిందో తెలియదు, నా చెయ్యి పైకి లేచి ఉంది.

"నీ పేరు అక్కడ చెల్లదు భాయ్," అన్నాడు దాదా.

నాకు తెలియదా! ఈ దేశంలో నాకు ఓటు లేదు. ఊళ్లో ఉండటం లేదని అక్కడి లిస్టులోనూ నా పేరు కొట్టేశారు. అయినా దించలేదు. దాదా కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నా దగ్గరకొచ్చి, అచ్చం దర్జీ తాతలాగే నా చేతిని దించాడు.  నాకు ఏడుపొచ్చింది.

గడువు నిన్నటితో అయిపోయింది. ఆ పార్టీ ఇక లేనట్టే. దాదా అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచిపోతున్నాడు. ఒకరి కంటబడినంత మాత్రాన ఏదీ మారదని తాతకూ తెలిసే ఉంటుంది, నాతో అనలేదు. ఇలాంటివాళ్లు గెలుస్తారన్న ఆశ నాకు ఏనాడో పోయింది. చెయ్యి మాత్రం లేస్తూనే ఉంది.