రెండు కుళాయిల లెక్క

తొమ్మిదో తరగతి పిల్ల సరిగ్గా చేసిన లెక్కను తప్పని కొట్టేశాను. తప్పు నాదేనని ఆ మధ్యాహ్నమే తెలిసినా ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల, కండ్లకోయలో నేను పనిచేసే కాలేజీవాళ్లు, పిల్లల చేత సొంతంగా ఆలోచింపజేయడం గురించి కొత్త మాస్టర్లకు నాలుగు మాటలు చెప్పమన్నారు. కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఆ పిల్ల ముఖం తప్ప మరేమీ గుర్తుకు రాలేదు.

కోస్తా నుంచి వచ్చి, శామీర్‌పేట దగ్గర ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే రోజులవి. మా తరం మాస్టర్లకు తెలిసే ఉంటుంది, గైడుకు పాత కేలండరు కాగితంతో అట్ట వేసి, అది గైడని పిల్లలు కనిపెట్టకుండా పట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు బోర్డు మీదికి ఎక్కించడమే అప్పట్లో నా పాఠం. ఒక కుళాయి తొట్టిని నాలుగు గంటల్లో, ఇంకొకటి ఆరు గంటల్లో నింపితే, రెండూ కలిసి ఎంతసేపట్లో నింపుతాయన్నది ఆ రోజు లెక్క. గైడులో ఐదు గంటలని ఉంది, అలాగే రాశాను. చెరువులో చేపలు పట్టే ఆయన కూతురు లేచి నిలబడింది.

"సార్, మొదటిదొక్కటే నాలుగు గంటల్ల నింపుతాంది గదా! ఇంకోటి గూడ ఇప్పితే ఐదు గంటలెట్ల వడ్తది? గా రెండోది నీళ్లు నింపుతాందా, గుంజుతాందా?"

తరగతంతా గొల్లుమంది. ఆ పిల్ల నోటుబుక్కు తెచ్చి చూపించింది. పన్నెండు గంటలు తిప్పి ఉంచితే మొదటిది మూడు తొట్లు, రెండోది రెండు తొట్లు, మొత్తం ఐదు. అంటే ఒక తొట్టికి రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలని, ఏ సూత్రమూ లేకుండా తేల్చింది. నేను చదవనైనా చదవకుండా ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి, బోర్డు మీది జవాబు యాభైసార్లు రాసుకురమ్మన్నాను.

భోజనాల వేళ స్టాఫ్‌రూములో చేసి చూసుకుంటే ఆమెదే సరి, గైడులో అచ్చుతప్పు. మర్నాడు చెప్పవచ్చు, కానీ పిల్లలు మళ్లీ నవ్వుతారని కొత్త పాఠం మొదలుపెట్టాను. ఆమె యాభైసార్లూ రాసి తెచ్చింది. ఆ తర్వాత నా తరగతిలో ఒక్కసారి కూడా లేవలేదు.

ఏడాది చివర వాళ్ల నాయిన వచ్చాడు. "మా బిడ్డ లెక్కల్ల మస్తు హుషారనుకున్న సార్. ఏమడిగినా తప్పే అంటరని, ఇగ బడికి పోనంటాంది. మీరన్న జెర జెప్పుండ్రి."

జరిగింది ఒప్పుకుని ఉంటే సరిపోయేది. ఆమెకు లెక్కలు కష్టమేనన్నట్టు తల ఊపాను. ఆ పిల్ల పదో తరగతికి రాలేదు.

ఇప్పుడు అట్ట వేసిన గైడుతో పనిలేదు, జవాబులన్నీ పిల్లల ఫోన్లలోనే ఉన్నాయి; అవి సరైనవేనా అని లేచి అడిగేవాళ్లు మాత్రం నా తరగతుల్లో ఏటేటా తగ్గిపోతున్నారు. అలా అడిగిన ఒక్క పిల్లనీ కూర్చోబెట్టిన నేను, ఇక ఎవరికి ఏం చెప్పను?

పోయిన ఆదివారం ఆమెను వెతుక్కుంటూ వాళ్లింటికి వెళ్లాను. తుర్కపల్లిలో ఒక ల్యాబులో గాజు సామాను కడుగుతోందట. గుర్తుపట్టి కుర్చీ వేసింది. ఆ లెక్క సంగతి ఎత్తగానే నవ్వేసింది.

"నాది కరెక్టని నాకు గప్పుడే ఎర్క సార్. మీకే తెల్వదేమో, పాపం, అనుకున్న."

"నాకూ తెలుసమ్మా," అన్నాను. "ఆ మధ్యాహ్నమే తెలిసింది. తెలిసి కూడా నీకు చెప్పలేదు, మీ నాన్నకీ చెప్పలేదు. తప్పు నాది. నన్ను క్షమించు."