నీళ్లలో ఎడమ కుడి అవుతుంది

మా ఐసన్న పోయాడన్న కబురు నాకు హాస్పిటల్లో, ఉదయం డ్యూటీ అందుకుంటున్నప్పుడు తెలిసింది. మస్కట్ శివారు సీబ్‌లో చేపల మార్కెట్ ముందు వ్యాన్ వెనక తలుపు తీసి, అలాగే కూలబడిపోయాడట. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. వెంట ఉన్న ఆయన రూమ్మేట్‌కు ఏడవడం కూడా చేతకాలేదు. "ఐసంతా కరుగుతున్నది సిస్టర్, ఏం జెయ్యాలె" అని ఫోన్‌లో నన్నే అడిగాడు.

మస్కట్‌లో హమ్రియా సందులో మేముండే పాత బిల్డింగ్‌లో, కింది రూమ్‌లో ఉండేవాడు ఐసన్న. నిజామాబాద్ వైపు మనిషి. ఫ్యాక్టరీ నుంచి చేపల దుకాణాలకు ఐసు దిమ్మలు వేసే వ్యాన్ డ్రైవర్. మాది కాకినాడ దగ్గర పల్లె, మా కాపురం పై అంతస్తులో. నర్సునన్నాక ఇక్కడ ప్రతివాడూ సిస్టర్ అనే పిలుస్తాడు. ఐసన్న మాత్రం మొదటి రోజే "సిస్టరంటే చెల్లెనే గద" అని తేల్చేసి, ఆ మాటను తెలుగు చేసేశాడు. ఈ ఊళ్లో నన్ను చెల్లె అన్నది ఆయనొక్కడే.

ఆయనకు ఫోటోల పిచ్చి. మనుషులవి కాదు, నీళ్లవీ ఐసువీ. ఎండాకాలం ఫోన్ జేబులోంచి తీసేలోపే దిమ్మ అంచులు కరిగిపోతాయి. అందుకే డిసెంబర్ రాగానే ఆయనకు పండగే. "సలికాలం ఐసుకు ఆయుష్షు పెద్దది చెల్లె" అనేవాడు. ఏటవాలు ఎండలో దిమ్మను నిలబెట్టి, దాని వెనక చేపల గంపలు కనబడేటట్టు తీసేవాడు. దిమ్మ నడుమ తెల్లగా చిక్కుకున్న గాలి బుడగలంటే మరీ ఇష్టం. ఒకసారి ఒక బుడగ ఫోటో చూపించి, "బయటికి పోనీకి తొవ్వ దొరకలే పాపం" అన్నాడు. అప్పటికి ఆయన ఇంటికి వెళ్లి ఆరేళ్లు. సెలవు అడిగితే ప్రతి ఏడూ కంపెనీ వచ్చే ఏడు అంటుండేది.

వాన పడితే మా సందు చెరువైపోతుంది. మేమంతా చీరలు, ప్యాంట్లు పైకెత్తి తిట్టుకుంటూ నడిస్తే, ఈయన మడుగు పక్కన మోకాళ్ల మీద కూర్చునేవాడు. ఆరేసిన బట్టలు, మసీదు మినారు, మా బాల్కనీలో నా ఏప్రన్ అన్నీ ఆ నీళ్లలో తలకిందులుగా ఉండేవి. తన నీడ మాత్రం పడకూడదు. పడితే ఫోటో పాడైనట్టే, వెంటనే తీసేసేవాడు. "నీళ్లల్ల నీడ అబద్ధమాడది చెల్లె. గాని ఎడమను కుడి జేస్తది, గదొక్కటి యాదికుంచుకో" అని నాకు పాఠం కూడా చెప్పాడు. నేను నవ్వి డ్యూటీకి పరుగెత్తాను.

కిందటేడాది నుంచి మనిషి చిక్కిపోతున్నాడు. అది నాకు కనబడింది. కనబడలేదని ఇప్పుడు అబద్ధం చెప్పను.

"ఏంటన్నా ఇలా అయిపోయావ్? మా హాస్పిటల్‌కొచ్చి ఒకసారి చూపించుకో."

"పోత తియ్ చెల్లె, సెలవు దొరకని. ముందుగాల ఇగో, గీ ఫోటో సూడు, ఎంత సక్కగొచ్చిందో."

చూశాను. బాగుందన్నాను. ప్రతిసారీ ఇంతే. నేను మనిషి గురించి అడిగితే ఆయన నీళ్లు చూపించేవాడు, నేను నీళ్లు చూసి వెళ్లిపోయేదాన్ని. ఇంటికి వీడియో కాల్ చేసినా అంతే. కెమెరా తిప్పేసి, భార్యకు ఐసు దిమ్మలు చూపిస్తూ మాట్లాడేవాడు. "నేను చిక్కిన ముచ్చట ఇంటికి జెప్పకు, బుగులుపడ్తది" అంటే సరేనన్నాను. నాకన్నా తెలివితక్కువ నర్సు ఎక్కడైనా ఉంటుందా?

కాగితాలన్నీ అయి పెట్టె ఊరు చేరేసరికి రోజులు గడిచిపోయాయి. తెరవొద్దని పెద్దవాళ్లు గట్టిగా చెప్పారట. స్నానం లేదు, ముఖం చూడటం లేదు. మూత మీదే పూలు చల్లి తీసుకుపోయారు. మూడో రోజున ఆయన భార్య నాకు ఫోన్ చేసింది.

"చెల్లె, ఆఖరి సూపు గూడ లేకపాయె నాకు. పాస్‌పోర్టు ఫోటో ఉన్నది గాని, అది గల్ఫ్ వోయేనాటిది. ఇప్పటి మొఖం ఒక్కటి పంపుతవా?"

"పంపిస్తాను వదినా" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో!

రూమ్మేట్ నుంచి ఐసన్న ఫోన్ తీసుకుని ఒక మధ్యాహ్నమంతా వెతికాను. వందల ఫోటోలు. దిమ్మలు, బుడగలు, వ్యాన్ అద్దం మీద తడి, టైరు గాడిలో నిలిచిన ఆకాశం. ఆయన ఎక్కడా లేడు. చివరికి నా ఫోన్‌లోనే దొరికింది. పోయిన చలికాలం పొరపాటున నాకు పంపినది. దాని కింద "డిలీట్ చెయ్ చెల్లె, నా నీడ వడ్డది" అని రాశాడు. బద్ధకించి ఉంచేశాను. మడుగులో తలకిందులుగా, వంగి చూస్తున్న ఐసన్న. నిటారుగా తిప్పి వదినకు పంపాను.

వెంటనే ఫోన్ వచ్చింది. "ఈయన మా ఆయన గాడు చెల్లె. ఆయనకు ఎడమ కంటి మీద గాటు. ఈయనకు కుడి కంటి మీద ఉన్నది."

అప్పుడు గుర్తొచ్చింది ఆయన చెప్పిన పాఠం. నీళ్లలో ఎడమ కుడి అవుతుంది వదినా అని చెప్పి, ఫోటోను మార్చి మళ్లీ పంపాను. గాటు ఎడమ కంటి మీదకు వచ్చింది.

"గాటు సరిగ్గనే ఉన్నది" అంది వదిన మెల్లగా. "ఆ మనిషే లేడు గద చెల్లె గీ ఫోటోల. ఎముకలే ఉన్నయ్. ఇంతగనం చిక్కిండా? నువ్వు నర్సువే గద? రోజూ సూసినవ్ గద?"

రాస్తే దానికి జవాబేదైనా దొరుకుతుందేమోనని ఇది మొదలుపెట్టాను, దొరకలేదు. వదిన ఆ ఫోటో వద్దంది. గల్ఫ్‌కు వచ్చేనాటి పాస్‌పోర్టు ఫోటోనే పెద్దది చేయించి, పటం కట్టించుకుంది. అందులో ఐసన్నకు బుగ్గలున్నాయి. ఆ ముఖం నేనెన్నడూ చూడలేదు. నేను చూసిన ముఖం ఆమెకు అక్కర్లేదు.

మొన్న మళ్లీ వాన పడింది, సందు నిండింది. ఐసు వ్యాన్ ఎప్పుడూ ఆగే చోటే ఆగి ఉంది, వెనక తలుపు సందులోంచి చుక్కలు మడుగులో పడుతున్నాయి. ఆయన కూర్చునే చోట నేనూ మోకాళ్ల మీద కూర్చుని వంగి చూశాను. ఆ చుక్కలకు నా ముఖం ఒక్క క్షణం కూడా నిలవలేదు.

"సిస్టర్, జర సైడ్" అన్నాడు కొత్త డ్రైవర్.

లేచి గోడకు ఆనుకున్నాను. చక్రం మడుగులోంచి పోయింది. ఆరేసిన బట్టలు, మసీదు మినారు, మా బాల్కనీ అన్నీ చెదిరి, కాసేపటికి ఎక్కడివక్కడ సర్దుకున్నాయి. ఆయన కోరుకున్నట్టే, మనిషి నీడ లేకుండా.