గోడౌన్ అంత సాలెపురుగు

పటాన్‌చెరు దగ్గర ఓ ఫ్యాక్టరీలో సెక్యూరిటీ గార్డుగా చేరిన కొత్త. చిన్నప్పుడు మా నానమ్మ, మేకను ఎత్తుకుపోయిన సాలెపురుగును కళ్లారా చూశానని చెబితే నవ్వేదాన్ని.

ఆ మధ్యాహ్నం కెమెరా తెర మీద అదే కనిపించింది! గోడౌన్ గేటు కంటే పెద్దది. వెంట్రుకల కాళ్లతో లారీ మీదుగా నడుస్తోంది. కేక పెట్టి సైరన్ నొక్కేశాను. పనులన్నీ ఆగిపోయి, అందరూ మెయిన్ గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చారు.

తెర చూసి ల్యాబ్‌లో పనిచేసే రజియా అక్క పకపకా నవ్వింది. "గంత పెద్దగుంటే దాని కాళ్లే దాన్ని మొయ్యవు, ఊపిరి గూడ ఆడదు చెల్లె! అది కెమెరా అద్దం మీదున్నది."

నిచ్చెనెక్కి చూస్తే కందిగింజంత ఉంది. ఇక నా ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. మేనేజర్ మాత్రం వాచీ చూసుకుని, "మూడు నిమిషాలల్ల అందరు బయటికొచ్చిండ్రు. పోయిన నెల ఫైర్ డ్రిల్లుకు పది పట్టింది" అని నవ్వారు.

సాయంత్రం నానమ్మకు ఫోన్ చేసి, తెర మీద చూసింది చూసినట్టు చెప్పాను. "నేను జెప్తె నవ్వితివి గద! ఇగ నమ్ముతవా?" అని ఎంత మురిసిపోయిందో!

కందిగింజ సంగతి ఇప్పటికీ ఆమెకు చెప్పలేదు.