గంజి పెట్టిన తెరచాప

నిన్న ఉదయం ఏడు గంటలకు జూరాల జలాశయం నీళ్లలో మా చిన్న ఫైబర్ తెరచాప పడవను మొదటిసారి ఒంటరిగా నడిపాను. చుక్కాని దగ్గర ఎప్పుడూ అక్క కూర్చునేది. నిన్న ఆ చోట నేను కూర్చుని, పడవ ఒరగకుండా నా చోట రెండు నీళ్ల క్యాన్లు పెట్టాను.

గద్వాలకు తిరిగి వచ్చేసరికి మా వీధిలో పడుగు నూలుకు గంజి పెడుతున్నారు. మీలో మగ్గం ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ పుల్లటి వాసన గుర్తుండే ఉంటుంది.

ఈ పడవ కొన్న ఏడాది తెరచాప బట్టను నాయినే మా మగ్గం మీద నేశాడు. అలవాటు కొద్దీ దానికీ చీరకు పెట్టినట్టే గంజి పెట్టాడు. ఒడ్డున అది అట్టలా నిలబడింది. నీళ్ల మధ్యకు వెళ్లాక తుంపర్లకు తడిసి, గంజి కరిగి, కర్రకు అతుక్కుపోయింది.

"నాయినా, పడవ నడుపుతున్నవా, చీర ఆరేస్తున్నవా?" అంది అక్క.

"జర ఊకో బిడ్డా. ఎండితే అదే నిలబడ్తది."

"గప్పటిదాంక ఏం జేద్దాం?"

"చేతులున్నయి గద."

ముగ్గురం అరచేతులతో నీళ్లు నెట్టుకుంటూ ఒడ్డుకు చేరాం.

నాయిన పోయాక కూడా అక్కా నేనూ ఆదివారాలు పడవ మానలేదు. రెండు నెలలుగా ఆమె మోకాళ్లు పడవలోకి దిగనివ్వడం లేదు. పడవ బాగానే నడిచిందని నిన్న ఆమెకు చెప్పాను.

"పడవల ఎవలతోని మాట్లాడినవ్ తమ్మీ?" అంది.

ఎవరితోనూ మాట్లాడలేదన్నాను.

గురువారం పదింటికి అక్క మోకాలి ఆపరేషన్. మళ్లీ పడవ ఎక్కవచ్చా అని డాక్టరును అడిగే పని నాకు అప్పగించింది.