లోపలి బట్టల పుస్తకం

మా కుట్టు టీచరు గారు పోయారని పోయిన బుధవారం ఫోనొచ్చింది. చిలకలూరిపేటలో, కూతురి ఇంట్లో, నిద్రలోనే పోయారట. ఫోన్ చేసినావిడ మా పాత స్కూల్లో పనిచేసిన టీచరే. "మీరిద్దరూ ఎంతో స్నేహంగా ఉండేవాళ్లు కదండీ," అంది. అవునన్నాను. ఆ అవును ఎంతవరకు నిజమో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

తొంభై తొమ్మిదిలో సత్తెనపల్లి దగ్గర ఒక బాలికల హైస్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. అదే నా మొదటి ఉద్యోగం. ఆవిడ అక్కడ పార్ట్‌టైం మీద కుట్లు నేర్పేవారు. యాభై దాటిన మనిషి. జాకెట్టు భుజానికి ఎప్పుడూ దారం ఎక్కించిన సూది ఒకటి గుచ్చి ఉండేది. అందరూ నన్ను మేడం అంటే ఆవిడ మాత్రం "అమ్మాయ్" అనేవారు.

మిరప కోతలకి కూలికెళ్లొచ్చే పిల్లలు ఒంటి మీద దద్దుర్లతో క్లాసులో కుదురుగా కూర్చోలేకపోయేవాళ్లు. ఆవిడ ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగితే సంగతి బయటపడింది. లోపలి బట్టలు ఎవరి కంటా పడకూడదని దండెం మీద చీర కింద దాచి ఆరేస్తారు, తడి పూర్తిగా పోకముందే తొడుక్కుంటారు.

"ఎండలో ఆరెయ్యండర్రా. సూర్యుడికి లేని సిగ్గు మీకెందుకు?" అనేవారు. పిల్లలు మొహాలు దాచుకునేవాళ్లు. మాటలతో అయ్యేది కాదని ఆవిడ పుస్తకం మొదలుపెట్టారు.

పేజీలన్నీ మంగళగిరి నూలు గుడ్డ. ఒక్కో పేజీ మీద బొమ్మకు తొడిగేంత చిన్న బట్ట. అమ్మమ్మల ముడి రవికె, ముందు బొత్తాలున్న బాడీ, పట్నం నుంచి వచ్చిన నైలాన్ బ్రా. లంగా బొందు నడుం మీద మిగిల్చే నల్లటి చారకి ఒక పేజీ, పాత చీర చింపి మడిచిన ముట్టుగుడ్డకి ఒక పేజీ. పల్లెల్లో ముసలమ్మల దగ్గర కూర్చుని అన్నీ అడిగి తెలుసుకునేవారు. "మా కాలంలో లోపల వేరే ఏముందే? పైదే లోపలిదీ," అందట ఒకావిడ. ఆ మాటా పుస్తకంలోకెక్కింది. ఎక్కించింది నేనే. "నీ రాత గుండ్రంగా ఉంటుందమ్మాయ్, నువ్వే రాయి," అని, సిరా పాకకుండా గుడ్డకి గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఇచ్చేవారు. మధ్యాహ్నాలు ఇద్దరం నవ్వుకుంటూ పనిచేశాం. ఉద్యోగంలో అంత సంతోషం నాకు మళ్లీ దొరకలేదు.

పిల్లల చేతిపనుల ప్రదర్శన రోజు ఆవిడ దాన్ని కూడా బల్ల మీద పెట్టారు. ఒక పిల్ల తండ్రి నాలుగు పేజీలు తిరగేసి, "ఏందిది? మా ఆడపిల్లలకి ఇయ్యా మీరు నేర్పేది?" అని హాలంతా వినపడేలా అరిచాడు.

సాయంత్రం హెడ్మాస్టరు గారు మా ఇద్దర్నీ గదికి పిలిచారు. పుస్తకం మీద న్యూస్‌పేపరు కప్పి ఉంది. అంచు ఎత్తి నావైపు చూశారు.

"ఈ రాత మీదేనాండీ?"

నా ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. "కాదండీ," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "ఇలాంటివంటే నాకు అసహ్యమండీ," అని కూడా అన్నాను.

ఆవిడ నావైపు తల తిప్పలేదు. "నేనే రాశానండీ," అన్నారు.

ఆవిణ్ణి ఇక రావద్దన్నారు. మర్నాడు తన సామాను కోసం వచ్చి కత్తెర, టేపు, ఆ పుస్తకం సంచీలో వేసుకుని ఆవిడ వరండాలోంచి వెళ్తుంటే నేను క్లాసులో ఉన్నాను. బోర్డు వైపు తిరిగి రాస్తూనే ఉండిపోయాను.

ఏడేళ్ల తర్వాత చిలకలూరిపేట బస్టాండు ఎదురు సందులో "అమ్మాయ్!" అని పిలుపు. చిన్న కుట్టు కొట్టు, ఆవిడదే. కుర్చీ తుడిచి కూర్చోబెట్టి, లోపల్నుంచి పుస్తకం తెచ్చారు. కొట్టుకొచ్చే ఆడపిల్లలకి చూపిస్తారట. చెమట చేతులకి సిరా అలుక్కుపోతోందని నా అక్షరాల మీదే నల్లదారంతో కుట్టేశారు. ప్రతి గుడీ, ప్రతి ఒత్తూ నేను రాసినట్టే ఉన్నాయి.

"ఒక్క గీతన్నా పక్కకి పోయిందేమో చూడు," అన్నారు. "నీ రాత కదా, సూది హాయిగా తిరిగింది."

ఎత్తిపొడుపు కాదు. ఆవిడ గొంతు నాకు తెలుసు. క్షమించమని అడగబోయి, "బస్సు టైమైందండీ," అని లేచాను.

తర్వాత ఆ ఊరి మీదుగా చాలాసార్లు వెళ్లాను. ఒక్కసారీ దిగలేదు. పోయిన ఫిబ్రవరిలో పత్తి లారీ అడ్డమొచ్చి మా బస్సు సరిగ్గా ఆ సందు మొదట్లో ఆగింది. కిటికీలోంచి చూస్తే కొట్టులో ఆవిడ ఒక పిల్లకి కొలతలు తీస్తున్నారు. ఆ పిల్ల చేతులు రెండూ ఎత్తి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. టేపు చుట్టూ తిప్పుతూ ఆవిడ ఏదో అన్నారు. ఆ పిల్ల కళ్లు తెరిచి పకపకా నవ్వింది.