చేతులు దించని సైనికుడు

మోకాళ్లు మొరాయించి మిషను తొక్కడం మానేసినా, టైలరు మెడలోంచి టేపు మాత్రం దిగలేదు. దుకాణం నడిచినన్నాళ్లూ కొలతకు చేతులు చాపినవాడు ఆయన "ఇక దించండి" అనేదాకా దించకూడదు. ఒకసారి ఫోనొచ్చి ఆయన కబుర్లలో పడితే, పోలీసు ఇన్‌స్పెక్టరంతటివాడు పావుగంట అలాగే నిలబడ్డాడు.

కూతురిది వీడియో గేముల్లో తప్పులు పట్టే ఉద్యోగం. ఆ ఉదయం ఆమె తెర మీద ఒక సైనికుడు, చుట్టూ యుద్ధం జరుగుతుంటే, రెండు చేతులూ బారచాపి కొయ్యబారి నిలబడ్డాడు.

"వీడికేం వచ్చిందే?" అన్నాడు టైలరు.

"కదలికలు లోడవకపోతే గేములో బొమ్మలు ఇలాగే ఉండిపోతాయి నాన్నా. అదే తప్పని రాస్తున్నా."

"తప్పేముంది? కొలతకు నిలబడ్డాడు, బుద్ధిమంతుడు."

అంటూనే టేపు తీసి తెరకు ఆనించాడు. కూతురు తల పట్టుకుంది.

"ఎడమ చెయ్యి కురచ. ఎవడు కుట్టాడోగానీ, చొక్కాకి రెండు చేతులూ ఒకే కొలత పెట్టి తగలేశాడు."

నవ్వబోయిన కూతురు, ఎందుకైనా మంచిదని బొమ్మ కొలతల లెక్క చూసుకుంది. ఎడమ చెయ్యి నిజంగానే పొట్టి. ఆ చేతిలో ఉండాల్సిన డాలు వేళ్లకు అందకుండా గాల్లో ఎందుకు తేలుతోందో మూడు నెలలుగా ఆఫీసులో ఒక్కరికీ అంతుబట్టలేదు. వెంటనే రాసి పంపింది.

సాయంత్రానికి అన్నీ సరిచేశారు. సైనికుడు డాలు పట్టుకుని చకచకా పరుగెత్తుతుంటే, కూతురు సంబరంగా తండ్రిని పిలిచి చూపించింది.

టైలరు మొహం మాడ్చుకున్నాడు.

"దించమని నేను చెప్పానా వాడికి? ఇంకా ఛాతీ కొలత తీసుకోందే."